డిగ్రీ మొదటి ఏడాదిలో ఆకాశ పాఠం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కాలేజీలు తెరిచాక ఖగోళశాస్త్రం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డిగ్రీ మొదటి సంవత్సరం తరగతుల నుంచి వచ్చినవే. వాటిలో కొన్నింటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: మొదటి సంవత్సరం పిల్లలకు ఖగోళశాస్త్రం పరిచయం చేసే పని నాకు అప్పగించారు. అరవై మంది ఉన్నారు. సగం మంది ఇంటర్‌లో ఎంపీసీ, మిగతావాళ్లు బైపీసీ, సీఈసీ చదివి వచ్చారు. వారానికి ఒక్క గంట. టెలిస్కోపు లేదు. బిగ్ బ్యాంగ్‌తో మొదలుపెట్టనా, సౌరకుటుంబంతోనా?
– భౌతికశాస్త్ర అధ్యాపకురాలు, కర్నూలు

జవాబు: రెండింటితోనూ వద్దండి. బిగ్ బ్యాంగ్, కృష్ణబిలాల వీడియోలు పిల్లలు ఫోన్లలో ఇప్పటికే చూసి ఉంటారు. ఈ రోజు చంద్రుడు ఏ వేళకు, ఏ దిక్కున ఉదయిస్తాడో మాత్రం చాలామంది చెప్పలేరు. అక్కడ మొదలుపెట్టండి.

మొదటి గంటలో పాఠం చెప్పకుండా మూడు ప్రశ్నలిచ్చి, బొమ్మలతో జవాబులు రాయించండి. ఎండాకాలం ఎందుకు వస్తుంది? చంద్రుడు సగమే ఎందుకు కనిపిస్తాడు? ధ్రువ నక్షత్రం మన ఊళ్లో ఎంత ఎత్తున ఉంటుంది? భూమి సూర్యుడికి దగ్గరవడం వల్ల ఎండలు వస్తాయనీ, భూమి నీడ పడి చంద్రుడు తరుగుతాడనీ, ధ్రువ నక్షత్రం నడినెత్తిన ఉంటుందనీ చాలామంది రాస్తారు. ఆ కాగితాలకు మార్కులు వేయొద్దు, దాచి ఉంచండి. భూమి సూర్యుడికి అతి దగ్గరగా, 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదటి వారంలో. అతి దూరంగా, 15.2 కోట్ల కిలోమీటర్లలో ఉండేది జులై మొదటి వారంలో. ఈ రెండు అంకెలూ బోర్డు మీద రాసి ఊరుకోండి. మిగతా వాదన వాళ్లే చేసుకుంటారు.

ఇక అసలు ఇబ్బంది వానాకాలం. క్లాసులు మొదలయ్యేది ముసురు పట్టే రోజుల్లో. సిలబస్‌లో 'ఆకాశ పరిశీలన' మొదటి యూనిట్ అయితే మూడు వారాలు మబ్బుల్ని చూసి పిల్లలు నీరసపడతారు. అందుకని వరస మార్చండి. అక్టోబరు దాకా గదిలో చేసేవి, మబ్బు విడిచినప్పుడు పగటిపూట చేసేవి పెట్టుకోండి. రాత్రి పరిశీలన నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. ఆ నాలుగు నెలలూ మన ఆకాశం బాగుంటుంది, చీకటి త్వరగా పడుతుంది. ఏడింటికి మొదలుపెడితే ఎనిమిదిన్నరకు పిల్లలు హాస్టల్‌కి చేరుకోవచ్చు.

గదిలో చేసేవాటిలో చంద్రకళల ప్రయోగాన్ని వదలొద్దు. కిటికీలు మూసేసి, గది మధ్యలో తల ఎత్తున ఒకే ఒక బల్బు వెలిగించండి. 5 సెంటీమీటర్ల థర్మాకోల్ బంతిని పెన్సిలుకు గుచ్చి, చేయి చాచి పట్టుకుని, బల్బుకు ఎదురుగా నిలబడాలి. అది అమావాస్య. అక్కడి నుంచి ఎడమవైపుకి మెల్లగా తిరగాలి. పావు చుట్టు తిరిగేసరికి బంతి కుడి సగం వెలుగుతుంది, అది శుక్లపక్ష అష్టమి. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. అరవై మందినీ ఒకేసారి గదిలోకి పంపితే తెల్ల చొక్కాల మీద నుంచి, గోడల మీద నుంచి వెలుగు తిరిగొచ్చి చీకటి భాగం కూడా మెరుస్తుంది. పదిహేను మంది చొప్పున పంపండి. రెండోది, బంతిని సరిగ్గా తల ఎత్తునే పట్టుకుంటే పౌర్ణమి దగ్గర తల నీడ పడి ప్రతిసారీ గ్రహణమే వస్తుంది. బంతిని కొంచెం పైకెత్తమనండి. చంద్రుడి కక్ష్య భూమి కక్ష్యకు దాదాపు 5 డిగ్రీలు వాలి ఉండటం వల్లే నెలనెలా గ్రహణాలు రావని అప్పుడు చెబితే ఎవరూ మరచిపోరు.

అదే బంతిని భూమి అనుకుంటే చంద్రుడు 1.4 సెంటీమీటర్ల గోళీ. అది బంతికి ఎంత దూరంలో ఉండాలో ముందు పిల్లలనే పెట్టమనండి. జానెడు దూరంలో పెట్టేవాళ్లే ఎక్కువ. ఉండాల్సింది మీటరున్నర దూరంలో. ఇదే కొలతలో సూర్యుడు ఐదున్నర మీటర్ల గోళమై, 590 మీటర్ల అవతల ఉంటాడు.

నవంబరులో బయటికి వెళ్లినప్పుడు మొదట చేతిని కొలబద్ద చేసుకోవడం నేర్పండి. చేయి పూర్తిగా చాస్తే పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు, చిటికెన వేలు 1 డిగ్రీ. ధ్రువ నక్షత్రం ఎత్తు మన ఊరి అక్షాంశానికి దాదాపు సమానం కాబట్టి కర్నూలులో అది ఉత్తర దిక్కున 16 డిగ్రీల దగ్గర, అంటే పిడికిలిన్నర ఎత్తున దొరుకుతుంది. చెట్లు, భవనాలు అడ్డొస్తాయి. ఉత్తరం వైపు తెరిపిగా ఉన్న మేడ చూసుకోండి. నవంబరు, డిసెంబరు సాయంత్రాల్లో సప్తర్షి మండలం మనకు కనిపించదు. పుస్తకంలో ఉందని దాని ద్వారా ధ్రువుణ్ని చూపించాలనుకుంటే తెల్లబోవాల్సి వస్తుంది. ఆ నెలల్లో ఉత్తరాన ఎత్తుగా, ఎం అక్షరంలా కనిపించే కాసియోపియాను గుర్తుగా పెట్టుకోండి. సప్తర్షులను, వాళ్లలో వశిష్ఠుడి పక్కన అరుంధతిని మార్చి తర్వాత చూపించవచ్చు.

కళ్లు చీకటికి అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి. ఒక్కరు ఫోన్ వెలిగించినా పక్కన ఉన్న పదిమందికీ ఆ సమయం మళ్లీ మొదటికొస్తుంది. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం నాలుగు మడతలు కట్టండి, ఫోన్లు సంచిలో పెట్టించండి. నక్షత్రాలకు అమావాస్య దగ్గరి రోజులు మంచివి. చంద్రుడి కోసమైతే శుక్లపక్ష సప్తమి, అష్టమి. అప్పుడు వెలుగు నీడల సరిహద్దులో గుంటల అంచులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పౌర్ణమి నాడు చంద్రుడిని చూపించడం దండగ, నీడలే ఉండవు.

ప్రశ్న: మా ఇంట్లో గోడ క్యాలెండర్‌లో రోజూ తిథి, నక్షత్రం రాసి ఉంటాయి. అవి నిజంగా ఆకాశంలో కనిపిస్తాయా? కనిపిస్తే ప్రాజెక్టుగా చేయొచ్చా సార్?
– బీఎస్సీ మొదటి సంవత్సరం విద్యార్థి, కాకినాడ

జవాబు: నిక్షేపంగా చేయొచ్చు. మొదటి ఏడాది ప్రాజెక్టుకు దీనికంటే మంచి విషయం మాకు తోచడం లేదు. జాతకాల సంగతి పక్కన పెట్టి, పంచాంగాన్ని చంద్రుడి టైమ్‌టేబుల్‌గా చదవండి.

చంద్రుడు నక్షత్రాల మధ్య ఒక చుట్టు తిరగడానికి 27.3 రోజులు పడుతుంది. అంటే రోజుకు 13 డిగ్రీల పైచిలుకు. అందుకే దారిని 27 సమభాగాలు చేశారు. ఒక్కొక్కటి 13 డిగ్రీల 20 నిమిషాలు (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు). క్యాలెండర్‌లో 'రోహిణి రా. 9.14' అని ఉంటే రోహిణి రాత్రి 9.14 దాకా ఉంటుందని అర్థం, అప్పుడు మొదలవుతుందని కాదు. ఇది తప్పుగా చదివితే మీ పట్టిక అంతా ఒక నక్షత్రం అటుఇటవుతుంది.

నవంబరు నుంచి మార్చి వరకు చీకటి పడ్డాక చంద్రుడు కనిపించే ప్రతి రోజూ తేదీ, వేళ, చంద్రుడి పక్కన ఉన్న ప్రకాశవంతమైన నక్షత్రం, దానికీ చంద్రుడికీ మధ్య ఎన్ని పిడికిళ్లు, ఎన్ని వేళ్లు ఉన్నాయో రాసుకోండి. ఆ తర్వాతే క్యాలెండర్ చూడండి. ముందే చూస్తే కన్ను దానికి తగ్గట్టే కొలుస్తుంది.

నక్షత్రాలను ఎంచుకోవడంలో జాగ్రత్త కావాలి. కృత్తిక, రోహిణి, మఖ, చిత్త చంద్రుడి దారికి దగ్గరగా ఉన్నాయి, ఇవి బాగా కుదురుతాయి. కృత్తికలంటే పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే చుక్కల గుంపే. ఆర్ద్ర, స్వాతి మాత్రం తికమక పెడతాయి. ఆర్ద్ర నక్షత్రం చంద్రుడి దారికి చాలా దక్షిణంగా, స్వాతి ఇంకా ఎక్కువ ఉత్తరంగా ఉన్నాయి. స్వాతి అని రాసిన రోజున చంద్రుడికీ ఆ నక్షత్రానికీ మధ్య మూడు పిడికిళ్ల ఎడం ఉండవచ్చు. జ్యేష్ఠది మరో తీరు. క్యాలెండర్‌లో జ్యేష్ఠ మొదలయ్యేసరికే చంద్రుడు ఎర్రటి జ్యేష్ఠ నక్షత్రాన్ని దాటేసి ఉంటాడు. భాగాలేమో సమానం, నక్షత్రాలు మాత్రం సమదూరాల్లో లేవు. మీ పరిశీలన తప్పని కొట్టేయకండి. ఆ తేడాను కొలిచి రాస్తే ప్రాజెక్టుకు అదే ప్రాణం.

తిథి ఇంకా తేలిక. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. పంచమి ముగిసేసరికి 60 డిగ్రీలు, అష్టమి సగంలో 90. సూర్యాస్తమయానికి కాస్త ముందు ఇద్దరూ కనిపించే రోజుల్లో పిడికిళ్లతో కొలవొచ్చు. సూర్యుడి వైపు నేరుగా చూడకుండా, అతడిని ఏ గోడ అంచు వెనకో దాచి అక్కడి నుంచి లెక్కపెట్టండి. చంద్రుడి కక్ష్య దీర్ఘవృత్తం కాబట్టి వేగం మారుతుంటుంది. ఒక తిథి సుమారు 20 గంటల్లో ముగియవచ్చు, దాదాపు 27 గంటలు సాగనూవచ్చు. తిథి ఒక్కోసారి లుప్తమవడానికి కారణం ఇదే. దగ్గరైనప్పుడు వేగంగా, దూరమైనప్పుడు మెల్లగా కదులుతుందనే కెప్లర్ రెండో సూత్రాన్ని ఇంతకంటే దగ్గరగా చూపించే కాగితం మన ఇళ్లలో మరొకటి లేదు.

ప్రశ్న: సంక్రాంతి నుంచి ఉత్తరాయణం అంటారు. మా లెక్చరర్ డిసెంబరు 21 అన్నారు. ఏది నిజం?
– విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21 లేదా 22న. మీరే చూడొచ్చు. మీటరు కర్రను నిటారుగా నిలిపితే మీ ఊళ్లో ఆ రోజు మధ్యాహ్నపు నీడ 85 సెంటీమీటర్లు ఉంటుంది. జనవరి 14 నాటికి 79కి తగ్గిపోతుంది. మకర సంక్రమణాన్ని నక్షత్రాలను బట్టి లెక్కిస్తారు. భూమి అక్షం సుమారు 26 వేల ఏళ్లకు ఒకసారి చుట్టు తిరగడం వల్ల 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున రెండు లెక్కలూ విడిపోతూ వచ్చాయి. ఇప్పటికి తేడా 24 డిగ్రీలు. అంటే దాదాపు 1,700 ఏళ్ల కిందట రెండూ ఒకటే రోజు.

ప్రశ్న: రెండు ఊళ్లలో మధ్యాహ్నపు నీడలను పోల్చే ఎరటోస్తనీస్ పద్ధతిలో భూమి చుట్టుకొలత కొలిచాం. జనవరి 20న మా దగ్గర మీటరు కర్ర నీడ 83.2 సెం.మీ., తిరుపతి కాలేజీలో 66.6 సెం.మీ. వచ్చింది. ఫోన్ మ్యాపులో దూరం 860 కి.మీ. లెక్క కడితే చుట్టుకొలత 51 వేల కిలోమీటర్లు తేలింది! ఎక్కడ తప్పాం?
– భౌతికశాస్త్ర అధ్యాపకుడు, ఆదిలాబాద్

జవాబు: మీ నీడలు చక్కగా ఉన్నాయి, తప్పు దూరంలో ఉంది. 0.832కు కోణం 39.8 డిగ్రీలు, 0.666కు 33.7. తేడా 6.1 డిగ్రీలు. అసలు అక్షాంశాల తేడా 6.04, కాబట్టి మీ పిల్లల చేతివాటం మెచ్చుకోదగ్గది. మీరు తీసుకున్న 860 కిలోమీటర్లు రోడ్డు దూరం. బస్సు వంకరలు తిరుగుతుంది, నీడకు కావాల్సింది నేరుగా ఉత్తర దక్షిణ దూరం. అట్లాసు మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే సుమారు 670 కిలోమీటర్లు వస్తుంది. 670ని 360తో గుణించి 6.1తో భాగిస్తే 39,500. అసలు విలువ దాదాపు 40,000.

ఆదిలాబాద్, తిరుపతి జంట బాగా కుదిరింది, తూర్పు పడమరల తేడా ఒక డిగ్రీ లోపే. అదే విశాఖపట్నం, తిరుపతి తీసుకుని ఉంటే మ్యాపు మీద నేరు దూరం 600 కిలోమీటర్ల పైన ఉండేది, ఉత్తర దక్షిణ దూరం మాత్రం 450. అప్పుడు మ్యాపు మీద అడ్డంగా, నిలువుగా విడివిడిగా కొలుచుకోవాలి.

వచ్చేసారికి మూడు జాగ్రత్తలు. నీడను గడియారం పన్నెండుకు కొలవొద్దు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. జనవరి 20న ఆదిలాబాద్‌లో సూర్యుడు అన్నిటికంటే ఎత్తుకు చేరేది 12.27 ప్రాంతంలో, తిరుపతిలో దానికి మూడు నాలుగు నిమిషాల ముందు. ఒకరు పన్నెండుకు, మరొకరు 12.25కు కొలిస్తే అర డిగ్రీ పొరపాటు వస్తుంది. 6 డిగ్రీల్లో అర డిగ్రీ అంటే ఎనిమిది శాతం. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా ఐదు నిమిషాలకొకసారి నీడ చివర గుర్తు పెట్టి, అతి పొట్టి నీడను తీసుకోండి.

రెండోది, కర్ర నిటారుతనం. కర్ర ఒక డిగ్రీ వాలితే కోణం ఒక డిగ్రీ పోయినట్టే. నేలకు రసమట్టం పెట్టండి, కర్రకు మేస్త్రీల తూకం గుండు వేలాడదీయండి. మూడోది అందరూ వదిలేసేది. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు కాబట్టి నీడ చివర ఒక సెంటీమీటరు మేర మసకగా ఉంటుంది. కర్ర కొసకు 5 మిల్లీమీటర్ల రంధ్రం చేసిన అట్టముక్క అతికించండి. రంధ్రాన్నే కర్ర కొసగా తీసుకుని మీటరు ఎత్తు అక్కడి వరకు కొలవండి. అట్ట నీడలో చిన్న వెలుగు మచ్చ పడుతుంది, దాని మధ్యకు కొలిస్తే ఒకటి రెండు మిల్లీమీటర్ల దాకా నమ్మొచ్చు.

ప్రశ్న: హీలియంను మన గుంటూరులోనే కనుగొన్నారని విన్నాం. మా తరగతిలో స్పెక్ట్రోస్కోపు (వెలుగును రంగులుగా విడదీసి చూపే పరికరం) చేసి అది చూపించగలమా?
– బీఎస్సీ విద్యార్థుల బృందం, గుంటూరు

జవాబు: కథ గుంటూరులో మొదలైన మాట నిజం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుంచి సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో ప్రకాశవంతమైన గీతలు చూశారు. మరునాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ పట్టుకున్నారు. అదే గ్రహణాన్ని మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పోగ్సన్ మచిలీపట్నం నుంచి పరిశీలించారు. పసుపుపచ్చ గీత సోడియానిది కాదనీ, కొత్త మూలకానిదనీ చెప్పి హీలియం పేరు వాడుకలోకి తెచ్చింది ఇంగ్లండులో లాకియర్. భూమి మీద దాన్ని రామ్సే పట్టుకున్నది 1895లో.

పాదరక్షల పెట్టెతో స్పెక్ట్రోస్కోపు చేయొచ్చు. రాసుకోవడానికి వీలున్న సీడీ తీసుకుని, మెరిసే పొర మీద ఒకచోట బ్లేడుతో గీసి, పార్సిల్ టేపు అతికించి లాగితే పొర ఊడి పారదర్శకమైన ప్లాస్టిక్ మిగులుతుంది. డీవీడీతో ఇది కుదరదు, దాని పొర రెండు పలకల మధ్య ఉంటుంది. సీడీ వెలుపలి అంచు నుంచి 3 సెంటీమీటర్ల ముక్క కత్తిరించండి. 25 సెంటీమీటర్ల పొడవున్న పెట్టెలో ఒక చివర, పక్క గోడకు 3 సెంటీమీటర్ల దూరంలో నిలువుగా చీలిక చేయండి. షేవింగ్ బ్లేడు రెండు సగాలను ఎదురెదురుగా పెట్టి, మధ్యలో రెండు కాగితాల మందం వదిలి అతికిస్తే 0.2 మిల్లీమీటర్ల చీలిక అవుతుంది. దానికి సరిగ్గా ఎదురుగా రెండో చివర కంటి రంధ్రం చేసి సీడీ ముక్కను అతికించండి. సీడీ గీతలు చీలికకు సమాంతరంగా ఉండాలి. అడ్డం తిరిగితే రంగులు పైకీ కిందికీ పోతాయి. చీలిక వైపు చూస్తూ కంటిని పక్కకు తిప్పితే, దానికి 7 నుంచి 11 సెంటీమీటర్ల దూరంలో పెట్టె లోపలి గోడ మీద రంగులు కనిపిస్తాయి. మూల మూలనా నల్ల టేపు వేయండి, వెలుగు కారితే గీతలు వెలిసిపోతాయి.

పాత ట్యూబులైటు దొరికితే పాదరసం ఆకుపచ్చ గీత 546 నానోమీటర్లు, నీలి గీత 436. ఈ రెండింటితో స్కేలు గీసుకోండి. ఎల్ఈడీ బల్బుకు గీతలుండవు, రంగుల పట్టీ మాత్రమే వస్తుంది. కనుక ట్యూబును పారేయకుండా ల్యాబులో దాచండి. ఉప్పు చల్లిన మంటలో సోడియం పసుపు 589 దగ్గర పడుతుంది. హీలియం గీత 587.6. తేడా ఒకటిన్నర నానోమీటరు కూడా లేదు. ఇంత సన్నని తేడాను ఈ పెట్టె విడదీసి చూపుతుందని ఆశపడకండి. జాన్సెన్ నాటివాళ్లకు అది సోడియమేనా కాదా అన్న సందేహం ఎందుకొచ్చిందో మాత్రం పిల్లలకు బాగా అర్థమవుతుంది. పెట్టెను సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పొద్దు. ఎండ పడిన తెల్లగోడో, ఆకాశమో చాలు.

ప్రశ్న: కాలేజీకి టెలిస్కోపు కొనడానికి నిధులు వచ్చాయి. '525 రెట్లు పెద్దగా చూపేది' అని ఒక కొటేషన్ వచ్చింది. తీసుకోవచ్చా?
– ప్రిన్సిపాల్, విజయనగరం జిల్లా

జవాబు: వద్దండి. డబ్బాపై రెట్లు గొప్పగా రాసినవాటిలో చాలా వరకు 60, 70 మిల్లీమీటర్ల కటకంతో, గాలికే ఊగే స్టాండుతో వస్తాయి. కటకం లేదా దర్పణం వ్యాసం మిల్లీమీటర్లలో ఎంతో దానికి రెండింతలు రెట్లు, అదీ మంచి రాత్రిలో, గరిష్ఠం. అడగాల్సింది వ్యాసం ఎంత అని. 150 మిల్లీమీటర్ల దర్పణం, 1,200 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న డాబ్సోనియన్ (సాదా పీఠం మీద చేత్తో తిప్పే దర్పణ టెలిస్కోపు) తీసుకోండి, దానితోపాటు 10×50 బైనాక్యులర్లు రెండు మూడు. మోటారు, కంప్యూటర్ మొదటి టెలిస్కోపుకు అక్కర్లేదు.

25 మి.మీ. ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే కటకం) 48 రెట్లు వస్తాయి. శని వలయాలు, గురుడి నాలుగు చంద్రులు దానితోనే కనిపిస్తాయి. 10 మి.మీ. పెడితే 120 రెట్లు. కానీ అప్పుడు గ్రహం రెండు నిమిషాల్లోపే దృశ్యంలోంచి జారిపోతుంది. వరసలో అరవై మంది నిలబడినప్పుడు 25 మి.మీ. వాడండి, నాలుగు నిమిషాలకోసారి సర్దితే సరిపోతుంది.

మీది కోస్తా వాతావరణం. ఏసీ గదిలోంచి తెచ్చిన టెలిస్కోపు మీద వెంటనే నెమ్ము పడుతుంది. మామూలు గదిలో, మూత పెట్టి, సిలికా జెల్ సంచులతో ఉంచండి. జెల్ రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడొచ్చు. దర్పణం మీద దుమ్ము కనిపిస్తే గుడ్డతో తుడవొద్దు, పూత గీరుకుపోతుంది. కొంచెం దుమ్ముతో బొమ్మకు ఏమీ కాదు. సూర్యుడిని చూడటానికి ముందు భాగాన్ని పూర్తిగా కప్పే ఫిల్టరే వాడాలి. ఐపీస్‌కు బిగించే చిన్న ఫిల్టరు వేడికి పగిలి క్షణంలో కన్ను పోతుంది. సామానుతో అది వస్తే ఆ రోజే విరిచి పారేయండి. గురి చూసుకోవడానికి పక్కన ఉండే చిన్న దూరదర్శిని, ఫైండర్‌కు కూడా మూత పెట్టడం మరవొద్దు.

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో చేరింది. ఖగోళశాస్త్రమే చదువుతానంటోంది. ఏ దారిన వెళ్లాలి?
– ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: డిగ్రీలో భౌతికశాస్త్రం, గణితం గట్టిగా చదవనివ్వండి. ఖగోళశాస్త్రం పేరుతో డిగ్రీ లేకపోయినా నష్టం లేదు. పీజీలో భౌతికశాస్త్రం కోసం ఐఐటీ జామ్, పరిశోధన స్థాయికి జెస్ట్ పరీక్షలు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఖగోళశాస్త్ర విభాగం ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత ఆ విశ్వవిద్యాలయం చేతికే వచ్చింది. బెంగళూరులో భారత ఖగోళ భౌతిక సంస్థ, పుణెలో అయూకా (విశ్వవిద్యాలయాల ఉమ్మడి ఖగోళ కేంద్రం) పరిశోధనకు పేరున్న చోట్లు. ఈ మొదటి ఏడాదిలోనే పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టమనండి. ఈనాటి ఖగోళ శాస్త్రజ్ఞుల పగలంతా టెలిస్కోపు దగ్గర కంటే డేటా ముందే గడుస్తుంది. ఆ పని ఆమెకు నచ్చుతుందో లేదో ఇప్పుడే తెలిసిపోవడం మంచిది.